బీఎస్సీ నర్సింగ్ చదువుకు డబ్బు: సీటు తీసుకునే ముందే తేల్చుకోవాల్సిన లెక్క

జగిత్యాల వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లు బీసీలు, ఉండేది పల్లెలో. అమ్మ బీడీలు చుడుతుంది. నాన్న నిరుడు దుబాయ్ నుంచి వచ్చేసి ఇప్పుడు ఆటో నడుపుతున్నారు. చెల్లి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది, ఎప్‌సెట్ రాసింది, నర్సింగే చదువుతానంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు బెంగళూరులో సీటు ఇప్పిస్తామనీ, ఇరవై వేలు అడ్వాన్స్ కడితే స్కాలర్‌షిప్, బ్యాంకు లోన్ అన్నీ తామే చూసుకుంటామనీ అంటున్నారు. కట్టమంటారా, వేరే దారి ఉందా అని అడిగారు.

కట్టకండి తమ్ముడూ. కనీసం మన దగ్గర కౌన్సెలింగ్ అన్ని విడతలూ అయ్యేదాకా ఒక్క రూపాయి కూడా ఎవరి చేతిలోనూ పెట్టకండి.

నేను నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా మొదలుపెట్టి వైస్ ప్రిన్సిపాల్‌గా రిటైర్ అయ్యాను. పాఠాలతో పాటు స్కాలర్‌షిప్ ఫైళ్లు కూడా చాలా ఏళ్లు నా టేబుల్ మీదే ఉండేవి. వచ్చిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది అడిగేది ఒకటే: "మేడమ్, పిల్లను చేర్చేశాం, ఇప్పుడు స్కాలర్‌షిప్ ఎట్లా వస్తుంది?" అప్పటికే చాలావరకు తేలిపోయి ఉంటుంది. నర్సింగ్ చదువుకు సాయం అందుతుందా లేదా అన్నది చేరిన తర్వాత పెట్టే దరఖాస్తు కంటే, ఏ కాలేజీలో ఏ కోటాలో చేరారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే స్కాలర్‌షిప్‌ల పేర్ల కంటే ముందు సీటు సంగతి చెప్తాను.

తెలంగాణలో బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ కోటా సీట్లను, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లను, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ ఎప్‌సెట్ ర్యాంకు ఆధారంగా భర్తీ చేస్తుంది. ఆంధ్రలో ఆ పని విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది. ప్రైవేటు కాలేజీలో కూడా కన్వీనర్ కోటా సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటుంది. అదే కాలేజీలో, అదే క్లాసులో, పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి మేనేజ్‌మెంట్ కోటాలో (కాలేజీ తానే నింపుకునే సీట్లలో) చేరి ఉంటే, ఆమె ఇంటి ఆదాయం మీకంటే తక్కువైనా సరే, రాదు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్లకూ అంతే. కన్సల్టెన్సీల వాళ్లు చెప్పకుండా దాటేసే మాట ఇదే. "ప్రైవేటు కాలేజీకి కూడా రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా" అంటారు. వస్తుంది. వాళ్లు అమ్మే సీటుకు మాత్రం రాదు.

కాబట్టి మొదటి పని కాళోజీ యూనివర్సిటీ నోటిఫికేషన్ కోసం కాచుకుని రిజిస్ట్రేషన్ చేయించడం. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంటికి దగ్గరా దూరమా అని చూడకండి. రాష్ట్రంలో ఎక్కడున్నా సరే, ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలన్నీ పైన పెట్టి, వాటి తర్వాతే ప్రైవేటువి పెట్టండి. "ఆడపిల్ల, ఆదిలాబాద్ అంత దూరం ఎలా పంపుతాం" అంటూనే బెంగళూరుకు పంపడానికి సిద్ధపడేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రభుత్వ కాలేజీలో ఫీజు నామమాత్రం. దాన్ని మించిన లాభం స్టైపెండ్. తెలంగాణ ప్రభుత్వం 2021లో దీన్ని బాగా పెంచింది. అంతకుముందు మొదటి ఏడాది నెలకు 1,500 ఉండేది 5,000 అయింది, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 7,000, బీఎస్సీ నాలుగో ఏడాది 8,000. ఈ డబ్బు ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందని అనుకోవద్దు. నెలల తరబడి ఆగి ఒకేసారి పడుతుంది, మధ్యలో పిల్లలు ధర్నాలు కూడా చేయాల్సి వస్తుంది. అందుకని మెస్ బిల్లుకు దీన్నే నమ్ముకోకండి. కానీ నాలుగేళ్లకు కలిపి చూస్తే మూడు లక్షలు దాటే మొత్తం అది. ఏ ప్రైవేటు స్కాలర్‌షిప్ అయినా దీనికి దరిదాపుల్లోకి రావడం కష్టం.

హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి తన నర్సింగ్ సీట్లకు విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దాన్ని మర్చిపోతారు. ఎయిమ్స్ బీబీనగర్, మంగళగిరిల్లో బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్ ఉంది, దానికి ఎయిమ్స్ సొంత ప్రవేశ పరీక్ష రాయాలి. ఎయిమ్స్‌లో ట్యూషన్ ఫీజు ఎంత తక్కువంటే, బయటి ప్రైవేటు కాలేజీలో యూనిఫారానికి అయ్యే ఖర్చు కూడా దానికంటే ఎక్కువే ఉంటుంది.

అమ్మాయిలకు ఇంకో దారి ఉంది. మన జిల్లాల్లో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. సైన్యం వాళ్ల మిలిటరీ నర్సింగ్ సర్వీస్. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లోని సైనిక ఆసుపత్రులకు అనుబంధంగా ఆరు కాలేజీలు ఉన్నాయి, కలిపి 220 సీట్లు. నీట్ స్కోరు చూసి పిలుస్తారు. ఎంపికైతే చదువు, వసతి, భోజనం ప్రభుత్వానివే, పైగా నెలనెలా స్టైపెండ్. చదువయ్యాక లెఫ్టినెంట్ హోదాలో చేరి సర్వీసు చేస్తానని బాండ్ రాయాలి. పెళ్లి కాని అమ్మాయిలు, భర్తను కోల్పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, చట్టప్రకారం భర్త నుంచి విడిగా ఉంటున్నవాళ్లు మాత్రమే అర్హులు, ఇంటర్‌లో మొదటి ప్రయత్నంలోనే 50 శాతం ఉండాలి. మీ చెల్లి ఈసారి నీట్ రాయకపోతే ఇప్పటికి ఈ దారి లేదు. ఇంటర్ చదివే అమ్మాయిలున్న ఇళ్లవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి: డాక్టర్ సీటు కోసం కాకపోయినా, దీనికోసమైనా నీట్ రాయించండి.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఇంటికి అక్కరకొచ్చేది ముఖ్యంగా ఇదే.

తెలంగాణలో బీసీ, ఈబీసీ, మైనారిటీ పిల్లలకు కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉండాలి. దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో. రెండు భాగాలు ఉంటాయి: కాలేజీ ఫీజు ఒకటి, పిల్లల ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్ ఒకటి. 75 శాతం హాజరు తప్పనిసరి. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయించాలి. మొదటి ఏడాది చేయించి "అయిపోయింది" అనుకుని రెండో ఏడాది వదిలేసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవాళ్లు.

నాన్న దుబాయ్‌లో ఉన్నప్పుడు తీయించిన పాత ఆదాయ సర్టిఫికెట్ ఏదైనా ఇంట్లో ఉంటే పక్కన పెట్టేయండి. మీసేవలో కొత్తగా దరఖాస్తు పెట్టి, నాన్న తిరిగొచ్చిన సంగతి, ఇప్పటి సంపాదన రాసి తాజాది తీసుకోండి. ఎప్‌సెట్ ఫలితాలు రాగానే ఈ పని చేసేయాలి, తర్వాత తహసీల్దార్ ఆఫీసు ముందు క్యూ పెరుగుతుంది. ఇది చదివేవాళ్లలో నాన్న ఇంకా గల్ఫ్‌లోనే ఉన్న పిల్లలూ ఉంటారు, వాళ్లకో మాట. నెలకు 1,200 దిర్హమ్‌ల జీతం అంటే ఏడాదికి మూడు లక్షల పైమాట. నిజంగా లెక్కేస్తే ఈపాస్ పరిమితి దాటిపోతుంది. దాన్ని దాచి సర్టిఫికెట్ తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఊరికి నలుగురుంటారు. నేను చెప్పను. అలాంటి ఇళ్లకు వేరే పథకం ఉంది, 4.5 లక్షల పరిమితి ఉన్నది. బ్యాంకు లోన్ దగ్గర దాని గురించి రాస్తాను.

ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్ విషయంలో కేంద్రం 2021లో నిబంధనలు మార్చింది. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది, కేంద్రం వాటా నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆదాయ పరిమితి 2.5 లక్షలు. ఖాతాలో పడిన డబ్బులో ఫీజు భాగాన్ని కాలేజీకి కట్టే బాధ్యత విద్యార్థిదే. వచ్చింది కదా అని ఇంటి అప్పు తీర్చేస్తే తర్వాత కాలేజీతో గొడవ.

ఆంధ్రలో ఉన్నవాళ్లకు జ్ఞానభూమి పోర్టల్. విద్యా దీవెన, వసతి దీవెన అని పేర్లున్నప్పుడు కుటుంబ ఆదాయ పరిమితి 2.5 లక్షలు. ఇప్పుడు పేరు మారింది, ఫీజు డబ్బు తల్లుల ఖాతాకు కాకుండా కాలేజీ ఖాతాకు వెళ్తోంది. ఇంట్లో ఎవరైనా ఇన్‌కం ట్యాక్స్ కడుతున్నా, కారు ఉన్నట్టు రికార్డులో కనిపించినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా నాన్న పేరు మీదే ఉందేమో ముందే చూసుకోవాలి.

దరఖాస్తు ఓకే అయినా డబ్బు పడకపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఆధార్. మనం ఫారంలో రాసిన అకౌంట్ నంబరుకు డబ్బు రాదు. ఆధార్‌కు చివరిసారి ఏ బ్యాంకు లింకైందో, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ రికార్డులో ఏ బ్యాంకు పేరుందో దానికే పోతుంది. పిల్లలు ఫోన్‌లో సరదాగా ఒక పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరుస్తారు, ఆధార్ దానికి ఎక్కేస్తుంది, స్కాలర్‌షిప్ అందులో పడి ఉంటుంది, వీళ్లేమో పాత పాస్‌బుక్ పట్టుకుని తిరుగుతుంటారు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఇంకొకటి పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఈ చిన్న తేడాకు ఏడాది డబ్బు ఆగిన పిల్లలు నాకు చాలామంది తెలుసు.

రీయింబర్స్‌మెంట్‌లో అసలు కష్టం వేరే ఉంది, అది దాచడం నాకిష్టం లేదు. ప్రభుత్వం డబ్బు ఆలస్యంగా ఇస్తుంది. తెలంగాణలో బకాయిలు ఏ స్థాయికి వెళ్లాయంటే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. ఆ ఆలస్యం భారం చివరికి పిల్లల మీద పడుతుంది. "ప్రభుత్వం ఇచ్చినప్పుడు మీకు తిరిగిస్తాం, ముందు మీరు కట్టండి" అంటారు, లేదా కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు ఆపుతారు. ఫీజు బాకీ కోసం ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి, అయినా జరుగుతూనే ఉంది. అందుకే చేరే రోజే రెండు జాగ్రత్తలు తీసుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరు, సీలు ఉన్న రసీదు తీసుకోవాలి. ఒకవేళ రీయింబర్స్‌మెంట్ వచ్చేలోగా ఫీజు కట్టించుకుంటే, ప్రభుత్వం విడుదల చేశాక తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోవాలి. అడిగితే రాసివ్వరని మీరు అనుకుంటారు. పది మంది తల్లిదండ్రులు కలిసి అడిగితే రాసిస్తారు, టేబుల్‌కు అవతల కూర్చున్న అనుభవంతో చెప్తున్నాను.

అమ్మ బీడీ కార్డు సంగతికి వద్దాం. మీ వైపు, నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లు ఎన్నో. కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. వృత్తి విద్యా కోర్సులకు ఏడాదికి 25,000 దాకా ఉంటుంది, మామూలు డిగ్రీ అయితే తక్కువ. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. కుటుంబ ఆదాయం నెలకు పది వేలు మించకూడదు, అమ్మకు కార్మికురాలిగా గుర్తింపు కార్డు ఉండాలి. చాలా ఇళ్లలో బీడీలు చుట్టేది అమ్మ, కార్డు నాయనమ్మ పేరు మీద ఉంటుంది. అప్పుడు రాదు. ఇంకో మెలిక: వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటే ఇది ఇవ్వరు. కన్వీనర్ సీటు వస్తే రీయింబర్స్‌మెంటే పెద్ద మొత్తం, దాన్నే ఎంచుకోండి. మేనేజ్‌మెంట్ సీటుకు వెళ్లాల్సి వస్తేనే బీడీ కార్డు వైపు చూడండి.

అదే పోర్టల్‌లో కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు. మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, నాలుగేళ్ల కోర్సయితే నాలుగో ఏడాది 20,000. రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది ఇవ్వరు. డిప్లొమాలకు లేదు కాబట్టి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలకూ రాదు. మార్కులు బాగా ఉండి, ఆదాయం లక్షన్నర దాటడం వల్ల ఈపాస్ రాని గల్ఫ్ కుటుంబాల పిల్లలకు ఇది సరిగ్గా సరిపోతుంది, కానీ వాళ్లే దీనికి దరఖాస్తు పెట్టరు.

మాజీ సైనికుల పిల్లలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా వచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో అమ్మాయిలకు ఏడాదికి 36,000, అబ్బాయిలకు 30,000 ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్‌కు వర్తిస్తుంది, ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. మీకు ఇది అవసరం లేదు, చదివే మిగతావాళ్ల కోసం రాశాను.

ప్రైవేటు ఫౌండేషన్ల స్కాలర్‌షిప్‌ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, అంటే అవి అబద్ధమని కాదు, పోటీ ఎక్కువ. అయినా రెండు మాత్రం వదలొద్దు. అజీం ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ టెన్త్, ఇంటర్ రెండూ ప్రభుత్వ బడి, కాలేజీల్లో చదివిన అమ్మాయిలకు ఏడాదికి 30,000 చొప్పున కోర్సు అయ్యేదాకా ఇస్తుంది, తెలంగాణ అందులో ఉంది. మీ చెల్లి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివి ఉంటే మొదట దీనికే పెట్టండి. రిలయన్స్ ఫౌండేషన్‌ది మొదటి ఏడాది డిగ్రీ విద్యార్థులకు, మొత్తం కోర్సుకు రెండు లక్షల దాకా, ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. ఈ రెండింటికీ దరఖాస్తు ఫీజు ఉండదు. "ప్రాసెసింగ్ చార్జీ" అని ఎవరైనా ఐదు వందలు అడిగితే అది స్కాలర్‌షిప్ కాదు.

ఇప్పుడు బ్యాంకు లోన్. కన్సల్టెన్సీ వాళ్లు "లోన్ మేం చూసుకుంటాం" అన్నారు కదా, అప్పు మాత్రం మీ చెల్లి, మీ నాన్న పేర్ల మీద ఉంటుంది.

ఎడ్యుకేషన్ లోన్ నాలుగు లక్షల దాకా అయితే తాకట్టు, బయటివాళ్ల హామీ, సొంత వాటా ఏవీ అక్కర్లేదు. 7.5 లక్షల దాకా కేంద్రం క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది, కాబట్టి బ్యాంకు భూమి కాగితాలు అడగకూడదు. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు, తర్వాత 15 ఏళ్ల దాకా గడువు. అమ్మాయిలకు స్టేట్ బ్యాంకు వడ్డీలో అర శాతం తగ్గిస్తుంది. ఇవన్నీ బాగున్నాయి, కానీ వాయిదాలు లేని కాలంలో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఒక లెక్క చూడండి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లకు నాలుగు లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. కట్టడం మొదలుపెట్టే రోజుకు వడ్డీయే లక్షా నలభై వేలు అవుతుంది. 5.4 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఏడు వేల పైచిలుకు. మన దగ్గర ప్రైవేటు ఆసుపత్రిలో కొత్త స్టాఫ్ నర్సుకు ఇచ్చేది చాలాచోట్ల పదిహేను, ఇరవై వేల మధ్యే. హాస్టల్ ఖర్చు, ఆ ఏడు వేలు పోతే ఏం మిగులుతుందో చెల్లితో కూర్చుని లెక్కేయండి.

ఆ లక్షా నలభై వేల వడ్డీని ప్రభుత్వమే కట్టే పథకం ఒకటి ఉంది. కేంద్ర వడ్డీ సబ్సిడీ పథకం, సీఎస్‌ఐఎస్ అంటారు, 2009 నుంచి ఉంది. గల్ఫ్ ఇళ్ల కోసం నేను పైన చెప్పిన 4.5 లక్షల పరిమితి పథకం ఇదే. కోర్సు కాలానికీ ఆపై ఏడాదికీ వడ్డీ మొత్తం కేంద్రం భరిస్తుంది, పది లక్షల లోన్ దాకా. అప్పుడు మీరు తీర్చాల్సింది అసలు నాలుగు లక్షలే, నెలకు 5,300 దాకా వస్తుంది. కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు గానీ, నర్సింగ్ కోర్సు కాబట్టి నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం గానీ ఉండాలి. ఆదాయ సర్టిఫికెట్ లోన్ మంజూరయ్యే సమయంలోనే బ్యాంకుకు ఇచ్చి, సబ్సిడీ కోసం పేరు పెట్టమని రాసివ్వాలి. మేనేజర్ తనంతట తాను చెప్తాడని ఎదురుచూడకండి. కోర్సు మధ్యలో మానేస్తే సబ్సిడీ పోతుంది, ఆరోగ్య కారణాలైతే తప్ప.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి లోన్ పథకం గురించి పేపర్లలో చాలా వచ్చింది. అది దేశంలో ర్యాంకులున్న పెద్ద విద్యాసంస్థల్లో మెరిట్‌తో సీటు వచ్చినవాళ్లకు. మన జిల్లాల ప్రైవేటు నర్సింగ్ కాలేజీలు ఆ జాబితాలో దొరకడం కష్టం, మేనేజ్‌మెంట్ కోటాకు అసలే లేదు. అయితే విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా లోన్ దరఖాస్తు పెట్టడం వల్ల ఒక లాభం ఉంది: రికార్డు మిగులుతుంది. బ్రాంచికి వెళ్లి నోటితో అడిగితే "నర్సింగ్‌కి ఇవ్వట్లేదమ్మా" అని నోటితోనే పంపేస్తారు. రాతపూర్వకంగా దరఖాస్తు వస్తే తిరస్కరించడానికి పై అధికారి సమ్మతి కావాలి, కారణం చెప్పాలి. నాన్న గల్ఫ్ వెళ్లేటప్పుడు తీసుకున్న బ్యాంకు అప్పు ఏదైనా మొండిగా మిగిలి ఉంటే దాన్ని ముందు సర్దుబాటు చేసుకోండి, సహ రుణగ్రహీత ఆయనే కాబట్టి సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారన్న రికార్డు) చూస్తారు.

ఇంత చెప్పాక బెంగళూరు సీటు సంగతి మీకే అర్థమై ఉంటుంది. మన రాష్ట్రం బీసీ పిల్లలకు ఇచ్చే రీయింబర్స్‌మెంట్ అక్కడికి రాదు. కన్సల్టెన్సీకి ఇచ్చిన డబ్బుకు కాలేజీ రసీదు ఉండదు, కాబట్టి బ్యాంకు దాన్ని లోన్ లెక్కలోకి తీసుకోదు. కర్ణాటక కాలేజీలన్నీ చెడ్డవని నేననను, మంచివి చాలా ఉన్నాయి. వెళ్లక తప్పకపోతే మూడు చోట్ల పేరు చూసుకోండి: అక్కడి రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ అనుబంధ కాలేజీల జాబితా, కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది జాబితా. బోర్డు మీద పేరు ఒకటి, జాబితాలో పేరు ఇంకొకటి ఉన్నా వెనక్కి వచ్చేయండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో లేని కాలేజీకి బ్యాంకు లోన్ కూడా దాదాపు అసాధ్యం. ఫీజు కాలేజీ ఖాతాకే, డీడీ గానీ ఆన్‌లైన్ గానీ.

కాలేజీ ఏదైనా "ఏడాదికి ఫీజు ఎంత" అని మాత్రమే అడిగితే సగం జవాబే వస్తుంది. హాస్టల్, మెస్, యూనిఫారాలు, పుస్తకాలు, రికార్డులు, సెమిస్టర్ పరీక్ష ఫీజులు, ఆసుపత్రి పోస్టింగ్‌కు బస్సు చార్జీ అన్నీ కలిపి నాలుగేళ్లకు ఎంతో ఒక కాగితం మీద రాసివ్వమనండి. రీయింబర్స్‌మెంట్ వచ్చేది ఖరారైన ఫీజుకే, మిగతావన్నీ మీ జేబులోంచే. ఇక్కడ బీసీ సంక్షేమ శాఖ కాలేజీ హాస్టళ్లు బాగా పనికొస్తాయి, ఉచితం. కానీ నర్సింగ్ పిల్లలకు సాయంత్రం డ్యూటీ, నైట్ డ్యూటీ ఉంటాయి, హాస్టల్ గేటు వేళలతో అవి కుదరవు. చేరే ముందే కాలేజీ నుంచి పోస్టింగ్ వేళల లెటర్ తెచ్చి వార్డెన్‌కు ఇస్తే తర్వాత గొడవ ఉండదు.

కన్వీనర్ సీటు రాకపోతే మేనేజ్‌మెంట్‌కు పరుగెత్తే ముందు జీఎన్ఎం గురించి కూడా ఆలోచించండి. మూడేళ్ల కోర్సు. ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో సీటు వస్తే అక్కడా స్టైపెండ్ ఉంది. అది అయ్యాక ఉద్యోగం చేసుకుని, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. స్టాఫ్ నర్సు సర్కారు ఉద్యోగానికి జీఎన్ఎం వాళ్లూ అర్హులే, తెలంగాణలో ఆ పోస్టు స్కేలు 36,750 నుంచి మొదలవుతుంది. డిగ్రీ అనే మాట కోసం ఐదారు లక్షల అప్పు నెత్తిన పెట్టుకోవడం కంటే నేనైతే ప్రభుత్వ జీఎన్ఎం సీటునే ఎంచుకోమంటాను. నాతో పనిచేసిన కొందరు ఒప్పుకోరు, డిగ్రీ ఉంటే విదేశాలకు సులువు అంటారు. అదీ నిజమే, కానీ అప్పు లేని జీఎన్ఎం నర్సుకు పోస్ట్ బేసిక్ చేసి అదే చోటికి చేరే దారి ఉంది.

విదేశాల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. జర్మనీలో చదువుతూనే జీతం వస్తుందని ఈమధ్య ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఆ పద్ధతి నిజమే, ఆస్‌బిల్డుంగ్ అంటారు. మూడేళ్ల నర్సింగ్ శిక్షణ, స్కూలు ఫీజు లేదు, ప్రభుత్వ ఆసుపత్రుల స్కేలు ప్రకారం మొదటి ఏడాదే నెలకు 1,300 యూరోల పైన ఇస్తారు. కానీ జర్మన్ భాష బీ1 స్థాయి (మధ్యస్థం), చాలాచోట్ల దానిపైన బీ2 దాకా రావాలి, అంటే ఇక్కడే ఏడాది పైన గట్టిగా కూర్చుని చదవాలి. దీనికి లక్షలు అడిగే ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి, వాళ్లు నర్సులకు జర్మన్, జపనీస్ శిక్షణ ఇప్పించి పంపుతున్నారు. బీఎస్సీ అయ్యాక పీజీకి వెళ్లాలనుకుంటే తెలంగాణ విదేశీ విద్యానిధి పథకాల్లో నర్సింగ్ కూడా ఉంది, 20 లక్షల దాకా ఇస్తారు, డిగ్రీలో 60 శాతం, ఆదాయం ఐదు లక్షల లోపు ఉండాలి. అది నాలుగేళ్ల తర్వాతి మాట.

ఈ వారంలో చేయాల్సినవి: ఆదాయ, కుల సర్టిఫికెట్లు, ఆధార్ బ్యాంక్ సీడింగ్, అమ్మ బీడీ కార్డు ఎవరి పేరు మీద ఉందో చూడటం. కన్సల్టెన్సీ వాళ్లు "రేపటికల్లా సీట్లు అయిపోతాయి" అని ఫోన్ చేస్తారు, చేయనివ్వండి. చెల్లి ఎప్‌సెట్ ర్యాంకు, ఇంటర్ ఏ కాలేజీలో చదివిందో ఇక్కడ రాస్తే, ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలో చెప్తాను.